గోడవైపు తిరిగి చెప్పిన జవాబు

ఈ ప్రయాణానికి కారణం నా కళ్లు. చూపు బాగానే ఉంది, నిలకడే లేదు. ఎవరైనా ప్రశ్న అడిగితే వాళ్ల ముఖం చూస్తూ ఆలోచించలేను. కిటికీ వైపో తలుపు గడియ వైపో చూస్తేగాని నాకు మాట రాదు. చిన్నప్పుడు బందరులో మా చర్చి సండే స్కూల్లో కంఠత వాక్యాలు అప్పజెప్పేటప్పుడు టీచరమ్మ నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టేది. అలా అయితే ఒక్క మాట కూడా తప్పేదాన్ని కాదు. పిల్లలు నవ్వేవాళ్లు. బహుమతిగా ఇచ్చే స్టీలు గ్లాసు మాత్రం మా ఇంటికే వచ్చేది.

నేను హైదరాబాదులో ఉన్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి బందరులో ఇంట్లోనే కూర్చుని పనిచేస్తున్నాను. ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు ఇచ్చే యాప్ మాది. దాన్ని కొనుక్కున్న విదేశీ క్లయింట్ ఒక్కడే మాకు ఆధారం. వేసవి నుంచి ఆ క్లయింట్‌తో మీటింగులు తగ్గిపోయాయి. ఇద్దరు సీనియర్లు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు. జీతం నెలనెలా కాస్త ఆలస్యంగా పడుతోంది. మేనేజర్ని అడిగితే "ఏమీ లేదు, మీ పని మీరు చూసుకోండి" అంటారు. వారం వారం అదే మాట వినేసరికి నాకు భయం పట్టుకుంది, నేనూ వెతుకులాట మొదలుపెట్టాను.

చాలా అప్లికేషన్ల తర్వాత ఒక కంపెనీ వీడియో ఇంటర్వ్యూకి పిలిచింది. అన్నిటికీ జవాబులు చెప్పాను. మర్నాడు మెయిల్ వచ్చింది. అభ్యర్థి పక్కన వేరే స్క్రీన్ చూసి చదువుతున్నట్టు అనుమానంగా ఉందట. నేను చూసింది మా వంటింటి కిటికీని. రాత్రంతా బాధపడి, నోటితో అయితే జన్మలో చెప్పలేను కాబట్టి రాసి పంపాను: "నేను చదవలేదు. నాకు ముఖం చూసి మాట్లాడటం రాదు. కావాలంటే ఎదురుగా కూర్చోబెట్టి అడగండి." పంపాక మళ్లీ భయం వేసింది. వాళ్లు నిజంగానే పిలిచారు. బుధవారం ఉదయం పదకొండింటికి, విజయవాడ పటమటలో, నేరుగా.

అబద్ధమాడలేదని నిరూపించుకోవడానికి ఊరు దాటి వెళ్లడం నాకు ఇదే మొదటిసారి. ఆ ఉద్యోగం రాకపోతే చేతిలో ఇంకోటి లేదు. ఆఫీసుకి జ్వరమని సెలవు మెసేజ్ పెట్టాను. అది మాత్రం అబద్ధమే.

మా నాన్న బస్సు కండక్టరు. అయినా పొద్దున పూట రైలుకే వెళ్లమన్నాడు. "ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యాక పొద్దున్నే నిలబడటానికి కూడా చోటుండట్లేదు. వచ్చేటప్పుడు పటమటలోనే బందరు బస్సెక్కు. రైలు కోసం మళ్లీ స్టేషన్ దాకా వెనక్కి పోకు" అన్నాడు. ఈ దారిన వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగిన సలహా కూడా అంతే.

ఆరు దాటాక రైలు కదిలింది. ముసురు పట్టి ఉంది. బ్యాగులో ధ్రువపత్రాలు, గొడుగు, అమ్మ కట్టిన చపాతీలు, న్యూస్‌పేపర్ అట్ట వేసిన ఒక నవల. అట్ట ఎందుకంటే, ఏం చదువుతున్నావని ఎవరూ అడగకుండా.

పెడనలో రైలు ఇంకా ఆగకముందే కిటికీలోంచి ఒక తువ్వాలు వచ్చి నా ఎదుటి సీట్లో పడింది. అదే సీటుకి అటువైపు నుంచి ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. వెనకే చీరల మూట నెత్తిన పెట్టుకుని ఒక పెద్దావిడ ఎక్కింది.

"అమ్మాయ్, తువ్వాలు నాదే, కూర్చోకు."

"మీరప్పటికింకా ఎక్కలేదు కదండీ!"

"తువ్వాలెక్కిందిగా!"

ఆ అమ్మాయి నవ్వేసి ముందుకు వెళ్లిపోయింది. పెద్దావిడ పేరు నాంచారమ్మ. ఇంట్లో రెండు మగ్గాలున్నాయట. వారానికోసారి వన్ టౌన్‌లో షావుకారు కొట్టుకి చీరలు తీసుకెళ్తుందట. ఇదంతా నేను అడగకుండానే చెప్పింది. కవుతరం వచ్చేసరికి అడగడం తన వంతయింది.

"ఎక్కడికమ్మా?"

"ఇంటర్వ్యూకండీ."

"ఉజ్జోగం లేదా?"

"ఉందండీ."

"ఉంటే మళ్లీ ఎందుకు?"

"ఉంటుందో ఉండదో తెలీదండీ."

"చెప్పరా మరి?"

"చెప్పరండీ."

"అయితే మా షావుకారే నయం. సరుకొద్దంటే మొహం మీదే ఒద్దంటాడు. తిట్టుకుంటూ ఇంకో కొట్టుకి పోతాం."

ఆ రోజు నేను ఒక నియమం పెట్టుకున్నాను. దారిలో ఎవరితో మాట్లాడినా కళ్లలోకి చూస్తూనే మాట్లాడాలి, ఇంటర్వ్యూ వేళకి అలవాటవుతుంది. నాంచారమ్మ గారి మీదే మొదలుపెట్టాను. కాసేపటికి ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"ఏంటమ్మా అలా గుడ్లప్పగించి చూస్తన్నావు? నా మొహానికేమన్నా అంటిందా?"

నియమం అక్కడితో సరి. మిగతా దారంతా బయటికి చూశాను. రొయ్యల చెరువుల్లో చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి. వాటి పక్కనే నాట్లు వేస్తున్న చేలు, ఎర్రనీళ్లతో నిండుగా పారుతున్న కాలవలు. గుడివాడలో చాలాసేపు ఆగింది. అక్కడ ఎక్కిన జనంతో పెట్టెలో గాలి కూడా మిగల్లేదు.

ఉప్పులూరు దాటుతుంటే ఫోన్‌లో మీటింగు ఆహ్వానం వచ్చింది. మా కంపెనీదే. సాయంత్రం నాలుగున్నరకి, అందరూ తప్పనిసరిగా రావాలి, కెమెరా ఆన్ చేసి ఉండాలి. విషయం అనే చోట ఖాళీగా ఉంది. నాకు నిజంగానే జ్వరం వచ్చినట్టనిపించింది.

తొమ్మిది తర్వాత బెజవాడ స్టేషన్లో దిగాం. నాంచారమ్మ గారు మూట సర్దుకుంటూ "భయపడకమ్మా. ఒద్దంటే ఇంకో కొట్టు" అని వన్ టౌన్ వైపు ఆటో ఎక్కింది. నేను గవర్నర్‌పేట వైపు నడిచాను. పే స్లిప్పులు జిరాక్స్ తీయించుకోవాలి. తీసే అతను కాగితాలు చూసి "ఇంటర్వ్యూనా అండీ? ఈ మధ్య రోజూ ఇవే. పెళ్లి కార్డులు తగ్గిపోయాయి" అన్నాడు. పక్క సందులో ఇడ్లీ తిన్నాను. అల్లం చట్నీ బాగుంది. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లని ఎవరూ తేరిపార చూడని హోటలది, అందుకే చెబుతున్నాను. కాఫీ తాగాక సిటీ బస్సెక్కి పటమటలో దిగేసరికి పదిన్నర అయింది.

వాళ్లు చెప్పిన చోటు మందుల షాపు మీద అద్దెకు తీసుకున్న మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయడం లేదు. పైన ప్లాస్టిక్ కుర్చీల్లో ఓ పాతికమంది ఉన్నారు. ఎవరి ఒళ్లో వాళ్ల ఫైలు. పదకొండుకి మొదలవుతుందన్నది పన్నెండుకి మొదలైంది. చపాతీలు మెట్ల మీద కూర్చుని తిన్నాను. నా పక్కకి తెనాలి నుంచి వచ్చిన మౌనిక అనే అమ్మాయి చేరింది.

"మీదేం అనుమానమండీ?" అంది, ఆసుపత్రి వరండాలో పక్క మంచం వాళ్లని జబ్బు అడిగినట్టు.

అప్పుడు అర్థమైంది, అక్కడున్నవాళ్లందరూ నాలాంటివాళ్లే. వీడియోలో కంపెనీవాళ్లకి నమ్మకం కుదరనివాళ్లని పోగుచేసి ఒకేచోటికి పిలిచారు.

"పక్కకి చూస్తానండీ. మీది?"

"మా నాయనమ్మ. వెనక గదిలో జపం చేసుకుంటోంది. ఎవరో నాకు జవాబులు అందిస్తున్నారనుకున్నారు. ఆవిడ రామనామం తప్ప ఏమీ అందించదని చెప్పినా వినలేదు."

ఇద్దరం నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వాం. ఆ రోజు మొత్తం మీద నేను నవ్వింది అప్పుడే. తర్వాత మౌనికని పిలిచారు. చాలాసేపటికి బయటికి వచ్చి, వేళ్లతో ఏమో అన్నట్టు గాలిలో గీత గీసి మెట్లు దిగి వెళ్లిపోయింది.

నన్ను రెండు దాటాక పిలిచారు. లోపల బల్ల అవతల ఒకాయన ఉన్నారు. పేరు శ్రీధర్ అని చెప్పారు. ముప్పై అయిదేళ్లుంటాయి. పొద్దుట్నుంచి మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయింది. బల్ల మీద టీ తొరక కట్టి ఉంది.

"షారోన్ గారూ, మీరు రాసిన మెయిల్ చదివాను. సూటిగా ఒకటే అడుగుతాను. మీది సీట్లు బుక్ చేసే యాప్ అనుకోండి. ఒకే సీటుని ఇద్దరు ఒకే క్షణంలో నొక్కారు. ఏం చేస్తారు?"

ఆయన కళ్లలోకి చూశాను. జవాబు నాకు తెలుసు. నా చూపు దానంతటదే ఎడమపక్క తలుపు మీదికి జారింది. వెంటనే వెనక్కి లాగాను. మళ్లీ జారింది. ఆయన పెన్ను తీసి కాగితం మీద ఏదో రాయబోయారు. ఆ పెన్ను కాగితానికి తగిలితే నా కథ అయిపోయినట్టే అనిపించింది.

"సార్, నేను గోడవైపు తిరిగి చెప్పొచ్చా?"

ఆ మాట అన్నది నేనేనా అని నాకే సందేహం.

"ఏంటండీ?"

"గోడవైపు సార్. అక్కడ స్క్రీన్ లేదు. ఫోన్ మీ బల్ల మీద పెడతాను."

ఆయన ఒక్క క్షణం చూసి "సరే" అన్నారు. కుర్చీ తిప్పుకున్నాను. లేత ఆకుపచ్చ గోడ. ఎవరో క్యాలెండర్ తీసేసిన మేకు గుర్తు. దాన్ని చూస్తూ మొదలుపెట్టాను.

"పొద్దున రైల్లో ఒకావిడ కిటికీలోంచి తువ్వాలు వేసింది సార్. బస్సుల్లో కర్చీఫ్ వేస్తారు. నొక్కగానే సీటు అమ్మేసినట్టు కాదు, కర్చీఫ్ పడినట్టు. డబ్బు కట్టేదాకా ఇంకొకరికి ఆ సీటు చూపించకూడదు. కానీ కర్చీఫ్ వేసి మనిషి రాకపోతే సీటు ఊరికే పోతుంది. అందుకని కొంచెం సేపటికి దానంతటదే తీసేసేలా గడువు పెట్టాలి."

"రెండు కిటికీల్లోంచి ఇద్దరు ఒకేసారి వేస్తే?" వెనక నుంచి ఆయన గొంతు.

"కిటికీ దగ్గర తేల్చకూడదు సార్. కిటికీలు ఎన్నైనా ఉంటాయి. సీటు ఒక్కటే. సీటు దగ్గరే తేల్చాలి. ఒక సీటుకి ఒక్క పేరే పడేలా డేటాబేస్‌లోనే నియమం పెడితే, రెండోది ఎంత దగ్గరగా వచ్చినా వెనక్కి పోతుంది. వెనక్కి పోయినవాళ్లకి వెంటనే చెప్పాలి. డబ్బు కట్టించుకున్నాక కాదు."

తర్వాత ఇంకా అడిగారు. సర్వర్ మధ్యలో ఆగిపోతే ఏమవుతుంది, గడువు తీరిన క్షణంలోనే డబ్బు పడితే ఏమవుతుంది. ఒకదానికి తెలీదన్నాను. మిగిలినవన్నీ మేకు గుర్తుకి చెప్పాను. మా ఆసుపత్రి యాప్‌లో ఇదే చిక్కుతో నేను వారం రోజులు కుస్తీ పట్టాను. ఆ వారమంతా ఇప్పుడు వరసగా నోట్లోంచి వచ్చింది.

"ఇటు తిరగండి" అన్నారు చివరికి. ఆయన ముఖంలో చిన్న నవ్వుంది. "ఈ జవాబులు మీవే. అనుమానం లేదు. కానీ క్లయింట్ కాల్స్‌లో గోడవైపు తిరిగితే కుదరదండీ."

"నేర్చుకుంటాను సార్."

"సరే. అసలు సంగతి వినండి. నాకు సోమవారానికి మనిషి కావాలి. మీ నోటీస్ పీరియడ్ అరవై రోజులని రాసుంది. అంతకాలం ఆగలేను. మీరు వెంటనే చేరొచ్చని మీ కంపెనీ రాతపూర్వకంగా ఇస్తే సీటు మీదే. రేపు ఉదయం దాకా చూస్తాను. లేదంటే తర్వాతి మనిషికి వెళ్లాలి. ఏమనుకోకండి, నా పరిస్థితీ అంతే."

మెట్లు దిగి బయటికొచ్చాను. నిజం రుజువైంది, ఉద్యోగం మాత్రం అరవై రోజుల అవతల ఉంది. రాజీనామా పెట్టిన రోజే వదిలేయమని ఏ కంపెనీని అడుగుతాం? పైగా నేను జ్వరంతో పడుకుని ఉన్నాను కదా.

బందరు రోడ్డు మీద ముప్పావుగంట నిలబడితే బస్సు వచ్చింది. కిక్కిరిసి ఉంది. ఆధార్ కార్డు తీసేలోపే కండక్టరమ్మ గుర్తుపట్టింది. మా నాన్నతో పనిచేసే నిర్మల ఆంటీ.

"ఏమే షారోనూ, అలా వాడిపోయావేంటే? అన్నం తిన్నావా?"

"చపాతీ తిన్నాను ఆంటీ."

కంకిపాడులో దిగబోతున్న వాళ్ల సీటు పక్కన నన్ను నిలబెట్టి, సున్నా టికెట్ చేతిలో పెట్టి వెళ్లింది. కంకిపాడు దాటాక కిటికీ సీటు దొరికింది. పక్కనే బందరు కాలవ, వాన చినుకులతో గుంటలు పడుతూ మాతోపాటు వస్తోంది. నాలుగున్నర అయింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మీటింగులో చేరాను. కెమెరా ఆన్ చేయక తప్పలేదు. తెర మీద నలభై చిన్న గడులు, నలభై ముఖాలు. నా గడిలో బస్సు కిటికీ, వెనక ఎవరిదో సంచి.

వెంటనే నా జట్టులో పనిచేసే కిరణ్ నుంచి మెసేజ్ వచ్చింది: "జ్వరం బస్సెక్కిందా?"

జవాబిచ్చేలోపే హెచ్ఆర్ కవిత గారు మాట్లాడటం మొదలుపెట్టారు. క్లయింట్ ఒప్పందం ముగిసిందట. కష్టమైన నిర్ణయమట. మా అందరి సేవలకి కంపెనీ ఎంతో రుణపడి ఉందట. శుక్రవారం ఆఖరి రోజట. గొంతు ఎక్కడా తొణకలేదు. నేను ఆవిడ కళ్లు చూశాను. అవి ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా కదులుతున్నాయి, గబుక్కున మళ్లీ ఎడమకి వస్తున్నాయి. మళ్లీ కుడికి. కెమెరాకి కాస్త పక్కన వేరే స్క్రీన్ ఉంది. ఆవిడ చదువుతోంది.

చదివేవాళ్ల కళ్లు ఎలా ఉంటాయో అప్పుడు తెలిసింది. ఎవరో రాసిచ్చినది నలభైమంది ముందు చదవమంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? కోపం రావాల్సిన చోట నాకు ఒంట్లో అలసట మాత్రమే మిగిలింది.

"ఎవరికైనా ప్రశ్నలుంటే" అని ఆగారావిడ. ఒక్కొక్క గడీ చీకటైపోతోంది. ఇలాంటి మీటింగుల్లో రెండేళ్లుగా నేను ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. మైక్ మీద వేలు పెట్టి కాలవ వైపు తిరిగాను.

"మేడమ్, షారోన్‌ని. మాకు నోటీస్ పీరియడ్ లేదని, వెంటనే వేరేచోట చేరొచ్చని ఒక మెయిల్ పెడతారా? ఈ సాయంత్రమే."

తెర వైపు తిరిగి చూశాను. కవిత గారి కళ్లు కదలడం ఆగిపోయింది. దీనికి జవాబు ఆవిడకి ఎవరూ రాసివ్వలేదు. మొదటిసారి సూటిగా కెమెరాలోకి చూసింది.

"పెడతానమ్మా" అంది. తర్వాత మెల్లగా, "అందరికీ పెడతాను. నాకూ కావాలి."

ఉయ్యూరు చెరకు రసం బళ్ల దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగి ఉండగా మెయిల్ వచ్చింది. దాన్ని అలాగే శ్రీధర్ గారికి పంపి, కింద "సోమవారం రాగలను" అని రాశాను. అంతకంటే రాయడానికి ఓపిక లేదు. పామర్రు దాటాక ఆయన రిప్లై ఇచ్చారు: "ఒరిజినల్స్ తెచ్చుకోండి."

సంతోషం వస్తుందని కాసేపు ఎదురుచూశాను. వచ్చింది గాని, కాళ్లీడ్చుకుంటూ వచ్చింది. నలభైమందిలో ఎందరికి సోమవారం ఉందో తెలీదు. కిరణ్‌కి "జ్వరం తగ్గింది, నీ సంగతేంటి?" అని పెట్టాను. వాడు ఇంకా చూడలేదు. శ్రీధర్ గారి కంపెనీకైనా ఎంతమంది క్లయింట్లున్నారో అడగడం మర్చిపోయాను. ఈసారి చేరిన రోజే అడుగుతాను, ఆయన ముఖం చూడలేకపోతే గోడనైనా అడుగుతాను.

నిర్మల ఆంటీ టికెట్లు కొట్టడం అయిపోయి నా పక్క సీటు చివర కూర్చుంది.

"ఇందాక ఫోన్‌లో ఎవరితోనో గట్టిగా మాట్లాడావు? నువ్వేనా అనుకున్నా."

"గట్టిగా మాట్లాడానా ఆంటీ?"

"బస్సంతా విన్నారే."

బందరు నుంచి బెజవాడ పెద్ద దూరమేమీ కాదు. పొద్దున వెళ్లి చీకటి పడేవేళకి రావచ్చు, పుస్తకం తెరిచే తీరిక మాత్రం ఉండదు. నా నవల అట్ట నలగకుండా అలాగే ఉంది. మరో గంటలో మా ఊరి బస్టాండు. చెప్పులు విడిచి కాళ్లు పైకి ముడుచుకున్నాను. కాలవ వైపు తిరిగి, ఎవరికీ ఏ జవాబూ చెప్పనక్కర్లేని చూపుతో, చీకటి పడేదాకా నీళ్లని చూస్తూ కూర్చున్నాను.